పిల్లల్ని అరవనీండి, ఫ్యాను కట్టెయ్యండి

పియానో శ్రుతి చేసేవాడు ఇంటికొస్తే మావైపు జనం చేసే మొదటి పని పిల్లల్ని బయటికి తరిమెయ్యడం. రెండో పని, "ఉక్కపోస్తా ఉండాది గదా సార్" అంటూ నెత్తిమీద ఫ్యాను వెయ్యడం. రెండూ మర్యాదకొద్దీ చేసేవే, కాదనను. కాకపోతే మొదటిదాంతో నాకు ఒరిగేదేం లేదు, రెండోదాంతో పనే చెడుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తిరిగినన్నాళ్ళూ ఈ మాట చెప్తూనే ఉన్నా. విన్నవాళ్ళు నవ్వి, నా మాట కాదనలేక ఫ్యాను వేగం కొంచెం తగ్గిస్తారు. అది మరీ అన్యాయం. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

శ్రుతి చెయ్యాలంటే నిశ్శబ్దం కావాలన్న మాట ఎంతగా పాతుకుపోయిందంటే, మద్రాసులోనో బెంగుళూరులోనో పని నేర్చుకొచ్చిన కుర్రాళ్ళు కూడా అదే అంటారు. "మన ఊళ్ళల్లో ఈ గోలలో చెవితో ఎట్టా చేస్తాం అన్నా, ఫోన్లో యాప్ పెట్టుకోవడమే." నా వాదన వేరు. గోల ఎంత గట్టిగా ఉందని కాదు, ఎట్టాంటిదని చూడాలి. ట్రంకు రోడ్డు మీద బస్సు హారను నా పనికి అడ్డం రాదు. గోడ మీద సన్నగా మూలిగే పాత ట్యూబులైటు వస్తుంది. మనం నోరు మూయించేది మనుషుల్ని, మూయించాల్సింది యంత్రాల్ని.

ఇంతకీ ఇక్కడ పియానోలెక్కడివని అడిగేవాళ్ళుంటారు. తక్కువే గానీ ఉన్నాయి. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను మొదలుపెట్టాడు. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరాడు. ఆ మిషన్ల వరసలోనే చర్చిల్లోకి కాళ్ళతో తొక్కే ఆర్గాన్లు, అక్కడక్కడా గోడకి ఆనించి పెట్టే నిలువు పియానోలు వచ్చాయి. ఇప్పుడు కొత్తగా కొంటున్నవాళ్ళు వేరు. పిల్లల చేత ట్రినిటీ వాళ్ళ సంగీతం పరీక్షలు రాయిస్తున్న డాక్టర్లు, గ్రానైటు వ్యాపారులు, రొయ్యల చెరువుల్లో నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాళ్ళు. నేను మాత్రం ఈ పనిలోకి హార్మోనియం దోవన వచ్చాను. రీడు కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఆ గీకుడుతోనే నా చెవి తయారైంది. భజన మందిరంలో ఒక పక్క తాళాలు మోగుతుంటే ఇంకో పక్క రీడు సరిచేసినవాడికి నిశ్శబ్దం మీద పెద్ద భక్తి ఉండదు.

చెవితో శ్రుతి చెయ్యడమంటే స్వరాన్ని గుర్తుపట్టడం అనుకుంటారు. నాకా శక్తి లేదు, దాని అవసరమూ లేదు. మొదటి స్వరానికి శ్రుతి ఫోర్కు ఉంది, కొడితే సెకనుకి 440 కంపనాలు. తక్కినదంతా రెండు తీగలు కలిసి మోగినప్పుడు వాటి మధ్య పుట్టే ఊగుడు వినడమే. ఒకటి 440 దగ్గరా ఇంకోటి 442 దగ్గరా ఉంటే, సెకనుకి రెండుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. ఇంటర్‌లో ఫిజిక్సు చదివినవాళ్ళు విస్పందనాలని మార్కుల కోసం రాసే ఉంటారు. మేం బీట్లంటాం. పియానోకి 88 మెట్లు, 220 పైచిలుకు తీగలు. మధ్యలోనుంచి పైకి ఒక్కో మెట్టుకి మూడేసి తీగలు, కింద రెండేసి, మరీ కింద ఒక్కోటి. ఆ మూడు తీగల మధ్య బీటు పోగొట్టడం సగం పని. మిగతా సగం ఏమిటంటే, స్వరానికీ స్వరానికీ మధ్య బీట్లను పోగొట్టకుండా సరైన వేగంలో నిలబెట్టడం.

ఇది చాలామందికి కొత్తగా ఉంటుంది. పియానోలో శుద్ధంగా కలిసిన స్వరాలు దాదాపు ఉండవు. పన్నెండు మెట్లను సమానంగా పంచాలంటే ప్రతి జంటనీ కాస్త చెడగొట్టాలి. పక్కపక్క మెట్ల మధ్య దూరం అర స్వరం, అందులో నూరో వంతుని సెంటు అంటాం. పంచమాలు, అంటే సా పా జంటలు, రెండు సెంట్లు ఇరుకవుతాయి. మన లెక్కలో షడ్జమం మీద అంతర గాంధారమనుకోండి, అలాంటి జంట దాదాపు పద్నాలుగు సెంట్లు వెడల్పు అవుతుంది. పియానో స్వరాలకి సి, ఎఫ్, ఏ లాంటి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. మెట్ల వరసకి నడిమధ్యనుండే సి కిందున్న ఎఫ్, దాని పై ఏ కలిపి నొక్కితే సెకనుకి 7 బీట్లకి ఒక పిసరు తక్కువ రావాలి. ఒక మెట్టు ఎక్కితే 7.3. ఏ నుంచి సి షార్పుకి 8.7. మధ్య సి, ఈ జంటకి 10.4. ఇట్టా మెట్టు మెట్టుకీ వేగం పెరుగుతూ పోవాలి. ఎక్కడన్నా ఒకటి వెనకపడినా, ముందుకు దూకినా, కింద ఎక్కడో తప్పు జరిగినట్టే. నిజం తీగకి బిరుసుతనం ఉంటుంది కాబట్టి ఈ అంకెలు ఏ పియానో మీదా అచ్చుగుద్దినట్టు రావు, పొట్టి పియానోల్లో ఇంకా అటూ ఇటూ ఉంటాయి. వరస మాత్రం తప్పకూడదు.

ఇప్పుడు ఫ్యాను సంగతికొద్దాం. చిన్నప్పుడు టేబులు ఫ్యాను ముందు మొహం పెట్టి "ఆ" అని అరిచి గొంతు వణకడం విని మురిసిపోనివాళ్ళు తెలుగు దేశంలో ఉండరు. సీలింగ్ ఫ్యాను పియానోకి చేసేది అదే పని. శబ్దం పైకి పోయి రెక్కలకి తగిలి తిరిగొస్తుంది. రెక్క అడ్డం వచ్చినప్పుడల్లా ఆ తిరిగొచ్చే శబ్దం మారుతుంది. మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 360 చుట్లు తిరిగితే సెకనుకి 18 సార్లు. అది బరబరగా వినిపిస్తుంది, తప్పని తెలిసిపోతుంది. మర్యాదకొద్దీ రెగ్యులేటరు తగ్గిస్తారని చెప్పానే, అప్పుడు 140 చుట్లకి దిగిందనుకోండి. మూడు రెక్కలు, 140 చుట్లు, 60 సెకన్లు. లెక్కవేస్తే సెకనుకి సరిగ్గా 7. నేను ఎఫ్, ఏ మధ్య వెతుక్కుంటున్న వేగం కూడా అదే! తీగల్లో బీటు తప్పుగా ఉన్నా ఫ్యాను సరైన బీటు వినిపిస్తుంది. అసలు బీటే లేని ఒంటి తీగ మీద కూడా ఊగుడు వినిపిస్తుంది. గట్టిగా తిరిగే ఫ్యాను చికాకు పెడుతుంది, నెమ్మదిగా తిరిగే ఫ్యాను అబద్ధం చెబుతుంది. అందుకే తగ్గించడం కాదు, కట్టెయ్యమంటాను.

ట్యూబులైటు తప్పు ఇంకో రకం. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు. పాతకాలపు చోకు దానికి రెట్టింపుతో, అంటే 100తో మూలుగుతుంది. పియానోలో కింది జి 98. ఆ రెంటికీ మధ్య సెకనుకి రెండు బీట్లు. దాని పై జి 196, చోకు రెండో మూలుగు 200, అక్కడ నాలుగు. కరెంటు కూడా కచ్చితంగా 50 దగ్గర కూర్చోదు, ఇటూ అటూ జరుగుతుంటుంది కాబట్టి ఆ బీట్లకి నిలకడ ఉండదు. తీగ కదిలిందా, దాన్ని చుట్టిన పిన్ను జారిందా అని పిన్ను చుట్టూ తంటాలు పడి పడి, చివరికి లైటు ఆపితే అంతా సర్దుకునే ఉంటుంది. ఎల్‌ఈడీ దీపాలొచ్చాక ఈ పీడ చాలావరకు వదిలింది. కరెంటు ఆదా కోసమని పెట్టుకున్నారు గానీ ఎక్కువ బాగుపడింది నేనే. చర్చిల్లో మాత్రం ఆంప్లిఫయరు ఉంది. మైకులో ఎవరూ మాట్లాడకపోయినా సౌండు బాక్సులు ఊఁ అంటూనే ఉంటాయి. అక్కడివాళ్ళకి ఆ ఊఁ వినపడదు, అలవాటైపోయింది. "ఏం శబ్దం సార్, ఏం రావడం లేదే" అంటారు. స్విచ్చి ఆపితే ఉలిక్కిపడతారు.

మరి గట్టి గోల సంగతేంటి? హారను మోగుతుంది, పోతుంది. కాకి అరుస్తుంది, ఆగుతుంది. కుక్కరు కూడా అంతే. తీగ మోత మధ్య స్థాయిలో కొన్ని సెకన్లు నిలుస్తుంది. ఏడు బీట్ల వేగం తేల్చుకోవడానికి ఒక్క సెకను చాలు. ఇది గోల ఊళ్ళో పనిచేసేవాడికి పెద్ద ఆసరా. ఎఫ్, సి మధ్య పంచమం రెండు సెకన్లకి ఒక్కసారి మాత్రమే ఊగుతుంది, దాన్ని తేల్చాలంటే నాలుగైదు సెకన్లు అడ్డం లేకుండా దొరకాలి. ఒంగోలు మెయిన్ రోడ్డు పక్క మేడమీద నాలుగైదు సెకన్లు ఎవడిస్తాడు? అందుకని అక్కడ పంచమాల్ని నేరుగా నమ్మను. త్వరగా ఊగే జంటల్ని పట్టుకుని, వాటి వేగాల్ని ఒకదానితో ఒకటి పోల్చి, పంచమం ఎక్కడుందో అటునుంచి రాబడతాను. నిశ్శబ్దంలో నేర్చుకున్నవాడు పంచమాల మీద కూర్చుని గోలని తిట్టుకుంటాడు.

చెవికి ఇంకో గుణం ఉంది. నలుగురు మాట్లాడుతున్న గదిలో ఒక్కరి మాటే పట్టుకోవడం ఎట్టా సాధ్యమని 1953లో కాలిన్ చెర్రీ అనే ఆయన ప్రయోగాలు చేసి రాశాడు. పెళ్ళి పందిట్లో పక్కావిడ మాట వింటూ నాలుగు వరసల అవతల తన పేరు ఎవరెత్తారో పసిగట్టే మన అత్తయ్యలకి ఆ ప్రయోగాల అవసరం లేదనుకోండి. శబ్దం ఎటునుంచి వస్తోంది, ఎప్పుడు మొదలైంది, ఎట్టా సాగుతోంది అన్నవాటిని బట్టి బుర్ర దాన్ని విడదీస్తుంది. పిల్లల అరుపులు ఒక దిక్కునుంచి వస్తాయి, మారుతూ ఉంటాయి, పియానో పెట్టెలో తల పెట్టినవాడికి అవి వెనక్కి పోతాయి. ఫ్యాను ఊగుడు మాత్రం పియానో శబ్దాన్నే పట్టుకుని ఊపుతుంది కాబట్టి దాన్ని ఏ బుర్రా విడదియ్యలేదు.

అన్ని గోలల్నీ వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. మూడిటితో నాకు పడదు. ఒకటి జనరేటరు. కింది శబ్దం పై శబ్దాల్ని మింగినంతగా పై శబ్దం కింది వాటిని మింగలేదు. చెవి నిర్మాణమే అంత. జనరేటరు గుడగుడ మొదలైతే కింది తీగలు వదిలేసి పైకి పోతాను. రెండోది పాట. మైకుసెట్టులో పాట పెట్టారంటే అది ఏ దేవుడిదైనా, ఏ పార్టీదైనా పిన్నులు తిప్పే లీవరు కింద పెట్టి టీ తాగడమే. దానికో శ్రుతి ఉంటుంది, మనం వద్దనుకున్నా బుర్ర అటే పోతుంది. మూడోది గుసగుస. ఇది ఎవరూ నమ్మరు. పియానో చిట్టచివరి సి దాదాపు 4186. అక్కడ తీగ రెండంగుళాలు ఉంటుంది, మోత ఠక్కుమని వచ్చి పోతుంది. గుసగుసలోని సకార షకారాలన్నీ సరిగ్గా ఆ చుట్టుపక్కలే పడతాయి. పిల్లల్ని నోరు మూసుకోమంటే చేసేది గుసగుసలాడటమే కాబట్టి, పై స్థాయిలో పనిచేసేటప్పుడు అరుచుకుంటున్న పిల్లలే నయం.

సింగరాయకొండ వైపు ఒక ఊరి చర్చిలో డిసెంబరు పని ఎట్టా ఉంటుందో చెప్తా. మాకు పిలుపులన్నీ డిసెంబరులోనే వస్తాయి, క్రిస్మసు ముందు. బయట నిచ్చెన వేసి నక్షత్రం కడుతున్నారు. లోపల గొర్రెల కాపరుల వేషాలేసే పిల్లలు కర్రలతో కొట్టుకుంటున్నారు. ఒకాయన "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటున్నాడు. టెస్టు చెయ్యడానికేం మిగిల్లేదు, ఆయనకి తన గొంతు ముచ్చటగా ఉంది. పాస్టరయ్యగారు వచ్చి పిల్లల మీద కేకలేశారు.

"అంకులు పని చేసుకుంటన్నాడు గదరా, బయటికి పోండి."

"ఉండనీండి అయ్యగారూ. ఆ ఫ్యాన్లు కట్టించండి, ఆంప్లిఫయరు ఆపించండి, చాలు."

"ఫ్యాను లేకపోతే చెమటకి తడిసిపోతారే!"

"తడిసినా పర్లేదయ్యా."

నమ్మకం కుదరక ఆయన నా నెత్తిమీది ఫ్యాను ఒక్కటే కట్టించి, పక్క ఫ్యాన్లు అట్టాగే ఉంచారు. వాటిని తర్వాత నేనే లేచి ఆపుకున్నా.

అప్పుడు చేసే పని ఒకటుంది, గోలలో దాన్ని మించింది లేదు. మధ్య సి కింది ఎఫ్, ఏ రెండిటినీ ఎడమచేత్తో మోగకుండా మెల్లగా అదిమి పెడతాను. సుత్తులు తీగని తాకవు, తీగల మీది ఫెల్టులు మాత్రం లేచి నిలబడతాయి. కుడిచేత్తో పైనున్న ఏని, 880 దాన్ని, టక్కున ఒక దెబ్బ కొట్టి వదిలేస్తాను. ఆ స్వరం ఆగిపోతుంది. అదిమి పెట్టిన రెండు తీగలు ఎవరూ కొట్టకుండానే పలుకుతాయి, అదీ తమ సొంత స్వరంతో కాదు, పైన కొట్టిన ఏతో. ఏ తీగలోనైనా దాని అసలు స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, అట్టా పై స్వరాలు సన్నగా పలుకుతుంటాయి, వాటిని అంశాలంటాం. ఎఫ్ తీగలో 873 దగ్గర ఐదో అంశం దాక్కుని ఉంది, ఏ తీగలో 880 దగ్గర నాలుగోది ఉంది. మనకి కావలసిన ఏడు బీట్లు పుట్టేది సరిగ్గా ఆ రెంటి మధ్యే. మామూలుగా కొడితే కింది స్వరాల గుంపులోంచి దాన్ని ఏరుకోవాలి. ఇట్టా చేస్తే గుంపు అంతా పోయి బీటు ఒక్కటే మిగులుతుంది. మోత చాలా చిన్నది, సందేహం లేదు. అయినా మైకాయన హలోల మధ్యా, కర్రల చప్పుడు మధ్యా అది తేటగా వినిపిస్తుంది, ఎక్కడ వినాలో చెవికి ముందే తెలుసు కాబట్టి. చిన్న శబ్దమే అయినా ఒకచోట నిలబడితే పెద్ద గోలలో కూడా దొరుకుతుంది.

అది కూడా కుదరనప్పుడు కర్రముక్క ఉంది. లారీ మెకానిక్కులు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజిను మీదా, ఇంకో కొస చెవి దగ్గరా పెట్టి లోపల ఏది కొట్టుకుంటోందో వింటారు చూడండి, అదే కిటుకు. పియానో వెనక తీగల మోతని పెద్దది చేసే పలక మీద సన్నటి కర్ర ఆనించి, ఇంకో కొస చెవి వెనక ఎముకకి ఒత్తుకుంటే గాలిలోంచి వచ్చే గోల పక్కకి పోతుంది, పలక నేరుగా చెవిలోకి వస్తుంది. అందరి ముందూ చేస్తే వింతగా చూస్తారనేది ఒక్కటే ఇబ్బంది.

చెయ్యి కూడా వింటుంది. లీవరు తిప్పినప్పుడు పిన్ను ముందు మెలిపడుతుంది, తర్వాత కదులుతుంది. బిగుతు పిన్నయితే టిక్కుమని దూకుతుంది. ఆ టిక్కు చెవికి వినపడని చోట అరచేతికి తెలియాలి. మెలిపడిన పిన్నుని అట్టాగే వదిలేస్తే ఆదివారం ఆరాధన అయ్యేలోపు తీగ వెనక్కి పోతుంది, చెవి ఎంత గొప్పదైనా.

కరెంటు పోతే ఊరంతా తిట్టుకుంటుంది, నాకు పండగ. ఫ్యాన్లు, ఫ్రిజ్జులు, ఆంప్లిఫయర్లు అన్నీ ఒక్కసారే నోరు మూస్తాయి. మధ్య స్థాయి పనంతా ఆ సందులోనే ముగించాలి, వీధిలో ఎవరి జనరేటరన్నా అందుకునేలోపు. ఇన్వర్టర్లు వచ్చి ఆ సుఖం కూడా పాడుచేశాయి. ఎండాకాలం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఇంకో సందు. రోహిణి కార్తెలో ఒంగోలులో ఆ వేళకి కాకి కూడా నోరెత్తదు. మూడేసి తీగల్ని కలిపే పని ఎంత గోలలోనైనా అవుతుంది కాబట్టి దాన్ని సాయంత్రానికి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి వదిలేస్తాను. రోజులో గోల ఎప్పుడెప్పుడు ఎట్టా ఉంటుందో ముందే ఇంటివాళ్ళని అడిగి పనిని దాని ప్రకారం పరుచుకుంటే, సగం ఊళ్ళలో నిశ్శబ్దం అడుక్కోవాల్సిన పని ఉండదు.

మావైపు పియానోకి గోలకంటే పెద్ద శత్రువు తేమ. ఆ మాట ఎవరూ అడగరు. నెల్లూరుకి వానలెక్కువగా ఈశాన్య రుతుపవనాల్లోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమకి వెనక పలక ఉబ్బి తీగల్ని తోస్తుంది, మధ్య స్థాయి పైకి పోతుంది. మేలో పడమటి గాలికి అదే పలక ఎండి దిగజారుతుంది. డిసెంబరులో చేసిన శ్రుతి మేలో ఉండదు, ఉండాలని కోరడం కూడా తప్పే. అందుకే ఏసీ హాల్లో పియానో ఉంటే, కచేరీకి ఏసీ వేస్తారనుకుంటే, నేను పని చేసేటప్పుడు కూడా దాన్ని వేసి ఉంచమంటాను. ఏసీ శబ్దం సుయ్యిమని ఒకే తీరుగా ఉంటుంది, బీటు పుట్టించదు, భరించొచ్చు. పైగా గాలిలో తేమ మార్చేది అదే. ఫ్యాను తేమ మార్చదు, శబ్దాన్ని మారుస్తుంది. ఏసీ ఉంచండి, ఫ్యాను ఆపండి అంటే ఇంటివాళ్ళకి నేనేదో తిక్కమనిషిలా కనిపిస్తాను.

ఇక యాప్ గొడవ. దాన్ని తీసిపారెయ్యను. నా దగ్గరా ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని పియానో అర స్వరం దిగిపోయి ఉంటుంది. తీగలన్నిటి లాగుడూ కలిపితే సుమారు 18 టన్నులు. అర స్వరం పెంచాలంటే ఇంకో రెండు టన్నులు దాని మీద వెయ్యాలి. ఒక చివర పెంచుకుంటూ పోతుంటే రెండో చివర కుంగుతుంది, కాబట్టి కావలసినదానికంటే కాస్త ఎక్కువే లాగి వదలాలి. ఎంత ఎక్కువన్న లెక్కలో యాప్ నాకంటే మెరుగు, ఒప్పుకుంటాను. మొదటి విడత మోటు పనికి దాన్నే వాడతాను. కానీ గోలని తప్పించుకోవడానికి యాప్ అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఫోను మైకు కూడా అదే గదిలో ఉంది, అదే ఫ్యాను కింద ఉంది. ఫ్యాను ఊపిన శబ్దాన్నే అదీ వింటుంది. ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే కుర్రాడు తీగ బాలేదంటాడు.

మూడు తీగల్ని కలిపే పని దగ్గర యాప్ అసలే పనికిరాదని నా అభిప్రాయం. మూడిటినీ సమానంగా ఒకే అంకె మీద నిలబెట్టడమే పని అయితే సరే, కానీ పని అది కాదు. మిచిగాన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన గేబ్రియల్ వైన్‌రైక్ 1977లో ఈ తీగల సంగతి పరీక్షించి రాశాడు. ఒకే స్వరం తీగలు ఒకే పలక మీంచి ఒకదాన్నొకటి కదిలిస్తుంటాయి. బొత్తిగా తేడా లేకుండా కలిపితే మోత త్వరగా ఖర్చైపోతుంది. వెంట్రుకవాసి తేడా ఉంటే, బీటు వినపడనంత తేడా, వెనక మోత ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ వెంట్రుకవాసి ఎంతో ఈ పియానోకి, ఈ హాలుకి, ఈ పాటకి చెవే తేల్చాలి. రాతి నేల, రేకుల కప్పు ఉన్న చర్చిలో నేను మోతని పొట్టిగా ఉంచుతాను, పరుపులూ పరదాలూ ఉన్న ఇంట్లో పొడుగ్గా వదులుతాను. గోల ఉన్నా లేకపోయినా ఈ తేడా తెలుస్తుంది, తెలియడానికి అలవాటు కావాలి అంతే.

నిశ్శబ్దం వాదాన్ని నేను అంతగా నమ్మకపోవడానికి ఇంకో కారణం మన చుట్టూనే ఉంది. పెళ్ళిలో సన్నాయి ఒక పక్క, వంటవాళ్ళ గిన్నెలు ఒక పక్క మోగుతుంటే మృదంగం ఆయన రాయి తీసుకుని మూత చుట్టూ టకటకా కొట్టి శ్రుతికి తెచ్చుకుంటాడు. ఆయన ఎవర్నీ ఊరుకోమనడు. ఊరేగింపు మధ్యలో డప్పుని మంటకి చూపించి, వేలితో ఒక దెబ్బ కొట్టి, ఇంకాస్త కాచి మళ్ళీ మెడకి తగిలించుకునేవాడూ అనడు. త్యాగయ్యగారి పూర్వీకులది మనవైపు కాకర్ల అని గర్వంగా చెప్పుకుంటాం గానీ, ఆయన పేరు మీద జరిగే ఉత్సవాల్లో తంబురా శ్రుతి చేసేది కూడా జనం గోల మధ్యనే. వీళ్ళందరికీ చేతనైంది పియానో దగ్గరకొచ్చేసరికి మాత్రం అద్దాల గది అడుగుతుంది. అది వాయిద్యం లక్షణం కాదు, దాన్ని కొన్నవాళ్ళ హోదా.

"ఈ గోలలో శ్రుతి బాగుందో లేదో ఎవరికి తెలుస్తుంది సార్, ఏదో కానిచ్చెయ్యండి" అని బేరం దగ్గర అంటారు. ఆ సింగరాయకొండ వైపు చర్చిలో పియానో నేను వెళ్ళేనాటికి అర స్వరం కిందికి దిగి ఉంది, ఎన్నాళ్ళ కిందట దిగిందో ఎవరికీ గుర్తులేదు. తుప్పు పట్టిన తీగలకి భయపడుతూనే, రెండు విడతలుగా లాగి 440కి తెచ్చాను. క్రిస్మసు ఆరాధనకి నేనూ ఉన్నాను. అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, బయట జనరేటరు, చంటిపిల్లల ఏడుపులు, సౌండు బాక్సుల ఊఁ. పాట అయ్యాక ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చింది.

"ఏం చేసినావు అబ్బయ్యా ఆ పెట్టెని? ఈ తడవ పాట పైకి పోయింది. చరణం కాడ గొంతు అందలా."

"సరైన శ్రుతికి తెచ్చినానమ్మా. ఇంతకాలం కిందికి ఉండింది."

"ఉంటే ఉండింది. మేం దాంతోనే పాడినాం గదా, మళ్ళీ దించు."

దించలేదు. దించితే తీగలు ఇంకో నెలపాటు నిలకడకి రావు. పియానో వాయించే కుర్రాడికి చెప్పి, పెద్దవాళ్ళు పాడే పాటల్ని ఎఫ్‌లో కాకుండా, దానికి అర స్వరం కిందున్న ఈలో వాయించమన్నాను. ముసలమ్మకి పాత శ్రుతి తిరిగొచ్చింది. ఎఫ్‌లో ఒక్క నల్లమెట్టుతో పోయేది ఈలో నాలుగయ్యేసరికి ఆ కుర్రాడు మాత్రం నామీద ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడు.